పేరుకు పెట్టిన పొయ్యి

2023 మార్చి 6

ఈ ఇంట్లో అన్నదమ్ములిద్దరూ అన్నం కలిపి తినడం మర్చిపోయారంటే ఏదో కొనబోతున్నారని అర్థం. పోయినసారి లారీ కొన్నారు. ఈసారి ఏకంగా కంపెనీ అట.

గురజాల అవతల నాపరాయి క్వారీ ఉన్న కంపెనీ. మా పాలిష్ ఫ్యాక్టరీకి బండలన్నీ అక్కడి నుంచే వస్తాయి. పెద్దాయన పోయాడు, కొడుకులకు రాయి అంటే చిరాకు, అమ్మేస్తామంటున్నారు. కావలసింది క్వారీ అయితే క్వారీ కొనుక్కోక కంపెనీ ఎందుకని అడిగాను. మా ఆయన విననట్టే మజ్జిగ పోసుకున్నారు. మా మరిది గోపీ చెప్పాడు.

"లీజు మన పేరుకు మారాలంటే గనులాఫీసు చుట్టూ తిరిగి నా జుట్టు నెరుస్తది వదినా. కంపెనీనే కొంటే లీజు దాని పేరు మీదే ఉంటది. లోపల మనుషులం మారతాం, అంతే."

"వాళ్ళు చేసిన పాపాలు గూడా మనకే వస్తయ్యి గదరా అట్టయితే."

"రాయి కొట్టుకునేవాళ్ళకి పాపాలేముంటయ్యి వదినా."

నేను కాపురానికొచ్చేనాటికి వీడు మూడో తరగతి. అత్తగారు మంచాన పడి ఉంటే లాగు బొత్తాలు నేనే పెట్టి బడికి పంపేదాన్ని. ఇప్పుడు నాకు చట్టం చెబుతున్నాడు. ముచ్చటగానే ఉంది.

మార్చి 19

నరసరావుపేట నుంచి లాయరు వెంకట సాయి వచ్చాడు. చిన్నవాడే గానీ కుర్చీలో కూర్చునే తీరు పెద్ద జడ్జిలా ఉంది. రెండుసార్లు కాఫీ తాగి మమ్మల్ని విడదీసి వెళ్ళాడు.

విషయం ఇది. కంపెనీ కొనడానికి ఫైనాన్సు వాళ్ళు డబ్బిస్తారు. దానికి ఎవరో ఒకరు సొంతానికి హామీ సంతకం పెట్టాలి. ఉమ్మడిలో ఉండి పెడితే రేపు క్వారీ మునిగితే ఇల్లూ ఫ్యాక్టరీ కూడా మునుగుతాయి. అందుకని ముందు భాగాలు పంచుకోవాలి. ఇల్లు, ఫ్యాక్టరీ మా ఆయన వాటా. గోపీ తన వాటా రొక్కంగా తీసుకున్నట్టు, హక్కు వదులుకున్నట్టు రిజిస్ట్రీ. ఆ తర్వాత వాడొక్కడే వెళ్ళి కంపెనీ కొంటాడు.

"అన్న పేరు మీద చిన్న మరక గూడా పడకూడదు. మునిగితే నేనే మునుగుతా," అన్నాడు గోపీ. సంబరంగా అన్నాడు, వెధవ.

లాయరు నా వైపు తిరిగాడు. "ఉత్తుత్తి భాగాలని తేలితే కోర్టు కొట్టేస్తదమ్మా. వేరుపడితే నిజంగా వేరుపడ్డట్టే ఉండాల. పొయ్యి వేరు, గ్యాసు వేరు, మీటరు వేరు. మధ్యలో గోడ. పడమటి గదుల్లో మీ మరిది అద్దెకున్నట్టు అగ్రిమెంటు."

"ఎన్నాళ్ళు?"

"క్వారీ కుదురుకునేదాకా. ఆ తర్వాత సగం మళ్ళీ ఆయన పేరున రాయండి. అన్నదమ్ములేగా."

సొంత అన్నకు అద్దె. ఇది విని మా ఆయన కూడా నవ్వారు. ఆయన నవ్వి చాలా కాలమైంది.

ఏప్రిల్ 2

గోడ లేచింది. దొడ్లో మాత్రం నేను పట్టుబట్టి తలుపు పెట్టించాను. మేస్త్రీ అడక్కుండానే రెండు వైపులా గడియలు బిగించాడు. వేరుపడ్డవాళ్ళకు అలాగే బిగిస్తాడట.

"మనకి గడియలెందుకు వదినా," అన్నాడు గోపీ. ఉంటే ఉన్నాయిలే, ఎవరు వేస్తారు.

ఏప్రిల్ 9

పంచాంగం చూశాను. కొత్త పొయ్యి తిథీ వారం లేకుండా వెలిగించడానికి నా మనసొప్పలేదు. పొద్దున్నే వాళ్ళ వంటింట్లో పసుపు రాసి, బొట్టు పెట్టి, పాలు పొంగించాను. ఇరుగుపొరుగు ముత్తయిదువుల్ని నలుగురిని పిలిచి తాంబూలం ఇచ్చాను.

"ఉత్తుత్తి కాపురానికి ముహూర్తం గూడానా అక్కా," అని మా తోడికోడలు మహేశ్వరి ఒకటే నవ్వు.

"కాపురం ఉత్తుత్తిదేమో, పొయ్యి ఉత్తుత్తిది కాదుగా. రేపటి నుంచి దాని మీద అన్నం తినేది నా మరిది."

పాలు పొంగేటప్పుడు తను ఫోన్లో ఫొటో తీసింది. నేను గరిటె పట్టుకుని, పక్కన అన్నదమ్ములిద్దరూ. బాగా వచ్చింది. నేను కొంచెం లావుగా ఉన్నాను.

ఏప్రిల్ 27

రిజిస్ట్రీ అయింది. కాగితం మీదే కదా.

ఆగస్టు 13

క్వారీ గోపీ చేతికొచ్చింది, బాగుంది. గోపీ ఒళ్ళంతా రాతి దుమ్ముతో వచ్చి దొడ్డి తలుపులోంచే పిలుస్తాడు, "వదినా, ఏందియ్యాల కూర?" అని. గిన్నె ఇస్తాను. మహేశ్వరి ఆ గిన్నెను ఖాళీగా తిప్పి పంపదు. ఒకసారి నాలుగు జామకాయలు, ఒకసారి గుప్పెడు కందిపప్పు, ఏమీ లేకపోతే చిటికెడు పంచదార వేసి పంపుతుంది. పెంపకం మంచిది.

అద్దె ప్రతి నెలా మా ఆయన ఖాతాలో పడుతోంది. అద్దె పడిన రోజున నేను అరిసెలో జంతికలో చేసి అటు పంపుతాను. లెక్క సరి.

2024 ఫిబ్రవరి 11

గనుల ఆఫీసు నుంచి నోటీసు. ఎప్పుడో ఆ పెద్దాయన బతికున్నప్పుడు హద్దు దాటి పక్క పొలంలోకి తవ్వారట. ఆ జరిమానా అంతా ఇప్పుడు కట్టాలట. కట్టేదాకా ఒక్క లారీ కూడా కదలకూడదు.

"తవ్వింది వాళ్ళు గదరా," అన్నాను.

"తవ్వింది కంపెనీ వదినా. కంపెనీ అదేగా. చట్టానికి లోపల మనుషులు కనపడరు."

ఆ మాట నేను ఏడాది కింద విన్నాను. అప్పుడు వాడు చెబుతుంటే ఎంత బాగుందో.

ఫిబ్రవరి 12

పాపాలు కొనుక్కున్నాం. డబ్బిచ్చి కొనుక్కున్నాం.

ఏప్రిల్ 14

మహేశ్వరికి మూడో నెల. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు. దొడ్డి తలుపు దగ్గర నా చెవిలో చెప్పి అక్కడే కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కోటప్పకొండ మొక్కు ఒకటి బాకీ ఉంది, నేనే మొక్కాను, నేనే తీర్చాలి.

మామిడికాయ పప్పు చేసి పంపాను. గిన్నెలో పటికబెల్లం ముక్క పెట్టి పంపింది.

జూన్ 23

క్వారీ మూతపడింది. ఫైనాన్సు వాళ్ళు నరసరావుపేట కోర్టులో దావా వేశారు. గోపీ ఒక్కడి మీద అయితే సరే. ఈ భాగాలు ఉత్తుత్తివి, అన్నదమ్ములు ఒకటే, ఇల్లూ ఫ్యాక్టరీ కూడా జప్తు చెయ్యండి అని వేశారు.

నిజమే కదా వాళ్ళు చెప్పింది.

వెంకట సాయి ఫోన్లో ఒకటే చెప్పాడట. కలిసి కనపడొద్దు. వాళ్ళ మనుషులు ఊళ్ళో తిరుగుతున్నారు, ఫొటోలు తీస్తున్నారు. వీలైతే నలుగురిలో ఒకసారి గట్టిగా పోట్లాడుకోండి.

జూలై 1

పోట్లాట జరిగింది. ఫ్యాక్టరీ ముందు టీ బంకు దగ్గర. మా ఆయనకు నాటకం ఏం వస్తుంది, రెండు మాటలని నీళ్ళు నములుతారనుకున్నాను. ఆయన ఊగిపోయారట. "నిన్ను చదివించింది నేను, నీకు పెళ్ళి చేసింది నేను, నా నెత్తిన రాయి పెట్టింది నువ్వు," అన్నారట.

మా ఫోర్‌మన్ కాలేషాకు ఇదంతా తెలియదు. పాపం ఇద్దరి చేతులూ పట్టుకుని, "ఒక తల్లి బిడ్డలు, ఏందయ్యా ఇది, అల్లా మెచ్చడు," అని బతిమాలాడట. మా ఇంటికొచ్చి నా ముందు కళ్ళు తుడుచుకున్నాడు. "నువ్వన్నా చెప్పమ్మా. నువ్వు చెబితే ఇంటారు." నవ్వాలో ఏడవాలో తెలియక కాఫీ ఇచ్చాను.

సాయంత్రం గోపీ దొడ్లోకి వచ్చాడు. నవ్వుతూనే అడిగాడు.

"అన్నా, ఆ చదివించిన మాట లాయరు చెప్పిందా, నువ్వే అనుకున్నావా?"

"అప్పటికప్పుడు నోటికొచ్చిందిరా," అన్నారు ఈయన.

"బాగొచ్చింది," అన్నాడు గోపీ.

ఆగస్టు 21

మహేశ్వరిని వాళ్ళ వాళ్ళు వినుకొండ తీసుకెళ్ళారు, పురిటికి. గాజులు నేను తొడగాల్సింది. వీధిలో కారెక్కుతుంటే కిటికీలోంచి చూశాను. గాజులు బీరువాలో ఉన్నాయి.

నవంబరు 3

ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. కాలేషా వచ్చి చెప్పాడు. మా ఇంటి కబురు నాకు కాలేషా చెప్పాడు.

నవంబరు 22

మహేశ్వరి తనే ఫోన్ చేసింది. "బారసాలకి రా అక్కా. ఉయ్యాల్లో నువ్వే వెయ్యాల. లాయరు ఏమన్నా అనుకోనీ."

వస్తానన్నాను. పట్టుచీర కూడా తీసి పెట్టుకున్నాను. మా ఆయన చీర చూశారు. లాయరుకు ఫోన్ కలిపి నా చేతికిచ్చారు. "అక్కడ పదిమంది ఫోన్లుంటయ్యమ్మా. ఒక్క ఫొటో బయటికొస్తే ఇల్లు పోతది, ఫ్యాక్టరీ పోతది. అందులో బతికే నలభై కుటుంబాలు పోతయ్యి. మీ ఇష్టం," అన్నాడు.

నా ఇష్టమట.

నవంబరు 24

వెళ్ళలేదు. కేసు తేలాక ఇంట్లోనే ఘనంగా చేసుకుందాం, మొదటి పుట్టినరోజు కూడా ఉందిగా. చిన్నపిల్ల, దానికేం తెలుస్తుంది.

నవంబరు 25

వెళ్ళాల్సింది.

2025 మార్చి 16

మహేశ్వరి పిల్లతో వచ్చింది. గోడ అవతల పిల్ల ఏడుపు వినిపిస్తోంది. గోపీ జోకొట్టే పాట నేను వాడికి పాడిందే. వరస తప్పు పాడుతున్నాడు, అప్పుడూ వాడికి నోరు తిరిగేది కాదు.

బాలింతకు పనికొస్తుందని వెల్లుల్లి కారం కొట్టి, గిన్నెలో పెట్టి తలుపు తట్టాను. గోపీ తీసుకున్నాడు. "పిల్ల పడుకుంది," అన్నాడు. నేను అడగలేదు.

మార్చి 18

గిన్నె వచ్చింది. శుభ్రంగా కడిగి, తుడిచి, ఖాళీగా వచ్చింది.

పసిపిల్లతో తీరిక ఉండదు. మర్చిపోయి ఉంటుంది.

మే 4

గోపీ ముందు గుమ్మంలోంచి వచ్చాడు. అలా ఎప్పుడూ రాడు. చెప్పులు బయట విడిచి, అన్న ఎదురుగా కూర్చున్నాడు.

"పనేం లేదన్నా. క్వారీ వచ్చేది లేదు. ఫ్యాక్టరీలో నా సగం ఎప్పుడు రాస్తావు?"

"ఇప్పుడు రాస్తే మనమే ఒప్పుకున్నట్టు గదరా. దావా తేలాల. తర్వాత పైకోర్టంటారు, అదీ తేలాల."

"అప్పటిదాకా జీతానికన్నా పెట్టుకో."

"అదీ కుదరదన్నాడు లాయరు."

గోపీ తలూపాడు. లేవబోతుంటే ఈయన, "ఒరే, మూణ్ణెల్లుగా అద్దె పడలేదు. ఆగితే వాళ్ళకి అనుమానం వస్తది," అన్నారు.

కేసు కోసమే అన్నారు. నేను పక్కనే ఉన్నాను, గొంతు విన్నాను. కేసు కోసమే.

జూన్ 8

అద్దె పడింది. అరిసెలు చేశాను. తలుపు తట్టలేదు. కాలేషాకు ఇచ్చి పంపాను.

జూలై 27

ఈరోజు జరిగింది రాయాలో వద్దో తెలియడం లేదు.

ఇంట్లో మేమిద్దరమే. బయటివాళ్ళు ఎవరూ లేరు, నాటకానికి పనే లేదు. గోపీకి జ్వరం, డాక్టరు ఖర్చుకు కూడా తడుముకుంటున్నాడట, ఏదన్నా పంపుదామండీ అన్నాను. మా ఆయన పేపరు లోంచి తల ఎత్తకుండా అన్నారు.

"వాడి వాటా వాడు తీసుకున్నాడుగా."

కాసేపు నాకేం అర్థం కాలేదు. "ఏం తీసుకున్నాడండీ?"

"రొక్కం."

"ఏ రొక్కం? ఎవరిచ్చారు, ఎవరు చూశారు?"

"కాగితంలో ఉంది గదే," అన్నారు. నా మీద అరవలేదు, విసుక్కోలేదు. తెలిసిన సంగతి మర్చిపోయినదానికి గుర్తుచేసినట్టు చెప్పారు. ఆ మనిషి నిజంగానే నమ్ముతున్నారు. రెండేళ్ళుగా లాయరుకు చెప్పి, కోర్టుకు అఫిడవిట్లో చెప్పి, ఊరికి చెప్పి, చివరికి తనకూ చెప్పుకున్నారు.

ఇంతకాలం కాపురం చేశాను. దొంగ అయితే నాలుగు దులిపేదాన్ని. నమ్మినవాణ్ణి ఏం చెయ్యను?

నా దగ్గరున్నది కాలేషా చేత పంపాను. తిప్పి పంపారు.

సెప్టెంబరు 7

నేను సాక్ష్యం చెప్పాలట. ఇంటి ఆడమనిషి చెబితే కోర్టు నమ్ముతుందట. వెంకట సాయి వచ్చి ఇంట్లో నన్ను కూర్చోబెట్టి ప్రశ్నలు వేశాడు, నేను జవాబులు చెప్పాను. చిన్నప్పుడు గోపీ చేత ఎక్కాలు అప్పజెప్పించినట్టే ఉంది.

చెప్పనంటే ఏమవుతుందని అడిగాను. ఇల్లు పోతుంది, ఫ్యాక్టరీ పోతుంది. పోయాక గోపీకి ఇవ్వడానికి సగం కూడా ఉండదు, వాడి కోసమన్నా చెప్పండి అన్నాడు. ఆ ముడి ఎంత చక్కగా వేశాడో. ఎటు లాగినా నా మెడకే బిగుసుకుంటుంది.

సెప్టెంబరు 18

నరసరావుపేట. కోర్టు వరండాలో గోపీ ఒక చివర, మేము ఒక చివర. సన్నబడ్డాడు.

బోనులో ప్రమాణం చేయించారు. అవతలి లాయరు పెద్దాయన, మర్యాదగానే అడిగాడు.

"అమ్మా, మీ మరిదిని మీరే పెంచారంట."

"అవునండీ."

"అంత ప్రేమగా పెంచినవాళ్ళు నిజంగా వేరుపడతారా? ఇదంతా అప్పు ఎగ్గొట్టడానికి ఆడిన నాటకం అంటాను."

"కాదండీ."

"మీ రెండు ఇళ్ళకీ రాకపోకలున్నాయా?"

"లేవండీ."

"మొన్న ఆయనకు జ్వరం వస్తే చూడటానికి వెళ్ళారా?"

"లేదండీ."

"ఆయన కూతురి బారసాలకు?"

"వెళ్ళలేదు."

"పిల్ల పుట్టి పది నెలలైంది. మీ ఇంటి గోడ అవతలే ఉంటుంది. ఒక్కసారి కూడా ఎత్తుకోలేదా అమ్మా?" ఈ మాట అడిగేటప్పుడు ఆయన కాగితాలు చూడటం మానేసి నా ముఖం చూశాడు. దొరికిపోతానని అనుకున్నాడు.

"ఎత్తుకోలేదండీ," అన్నాను. జడ్జిగారు నీళ్ళు ఇమ్మన్నారు.

తర్వాత మా లాయరు లేచి ఫొటో చూపించాడు. నేను గరిటె పట్టుకుని, పొంగుతున్న పాలు, పక్కన అన్నదమ్ములు. హామీ సంతకం కంటే ముందే, ఆచారం ప్రకారం, పదిమంది ఎదుట పెట్టిన పొయ్యి అన్నాడు. నాటకం ఆడేవాళ్ళు ముహూర్తం చూసుకుంటారా అని అడిగాడు. ముహూర్తం ఎవరు పెట్టించారని నన్నడిగాడు.

"నేనే," అన్నాను.

అబద్ధాలు చెప్పడానికి గుండె దిటవు చేసుకుని వెళ్ళాను. నన్ను అడిగినవాటిలో ఒక్కదానికే అబద్ధం చెప్పాను, నాటకం కాదన్నాను. మిగతావన్నీ నిజాలే.

బయటికొచ్చి బెంచీ మీద కూలబడితే ఎవరో నీళ్ళ సీసా అందించారు. తల ఎత్తి చూస్తే గోపీ.

"తాగండి," అన్నాడు.

మూడో తరగతి నుంచి వాడు నన్ను నువ్వు అనే పిలిచాడు. పెళ్ళిచూపుల్లో కూడా, అందరి ముందూ, "వదినా, నీకు నచ్చితేనే," అన్నాడు. నీళ్ళు తాగాను. సీసా తిరిగిచ్చేసరికి అక్కడ లేడు.

సెప్టెంబరు 19

వెంకట సాయి ఫోన్. "చానా సహజంగా చెప్పారమ్మా."

నవంబరు 9

ఇల్లు, ఫ్యాక్టరీ జోలికి రాకూడదని ఉత్తర్వు వచ్చింది. భాగాలు నిజమైనవేనని జడ్జిగారు రాశారు. మా ఆయన మిఠాయి పొట్లం తెచ్చి దేవుడి దగ్గర పెట్టారు. ఫైనాన్సు వాళ్ళు పైకోర్టుకు వెళతారట. అందాకా గోడ అలాగే ఉంచాలట.

అటు పంపుదామా అని అడిగాను. ఆయన నా వైపు అదోలా చూశారు. ఎవరికి అన్నట్టు.

నవంబరు 16

పొద్దున్నే వీధిలో ట్రాలీ ఆటో ఆగింది. సాగర్ దగ్గర విజయపురి సౌత్‌లో ఎవరో కాంట్రాక్టరు దగ్గర గోపీకి సూపర్‌వైజర్ పని దొరికిందట. కాలేషా సామాను ఎక్కిస్తున్నాడు.

ఇక ఆగలేకపోయాను. బీరువాలోంచి ఆ గాజులు తీసుకుని వీధి గుమ్మంలోకి వెళ్ళాను. లోపల్నుంచి మా ఆయన, "వీధిలో వద్దే, ఎవడన్నా ఫొటో తీస్తాడు," అంటూనే ఉన్నారు. తీయనీ అనుకున్నాను. ఆలస్యంగానైనా అనుకున్నాను.

మహేశ్వరి చంకలో పిల్ల ఉంది. గాజులు తీసుకుంది, కళ్ళకద్దుకుంది, చేతికి వేసుకోలేదు. నేను పిల్ల కోసం చేతులు చాచాను. మహేశ్వరి అడ్డం చెప్పలేదు. "పెద్దమ్మే, పోవే," అని ముందుకు వంగింది కూడా.

పిల్ల నా ముఖం చూసింది. కొత్త మనిషిని చూసినట్టు పెదవి విరిచి, గట్టిగా ఏడ్చి, తల్లి మెడలో ముఖం దాచుకుంది.

"కొత్త గదా అక్కా," అంది మహేశ్వరి నన్ను ఓదారుస్తూ.

గోపీ ముందు సీట్లో కూర్చున్నాడు. "వెళ్ళొస్తామండీ," అన్నాడు. ట్రాలీ సాగర్ రోడ్డు వైపు తిరిగేదాకా నిలబడ్డాను.

పొయ్యి తీసుకెళ్ళలేదట, వంటింట్లోనే ఉందని కాలేషా చెప్పాడు. కడిగి తెచ్చుకుందామని సాయంత్రం దొడ్లోకి వెళ్ళి తలుపు తోశాను. రాలేదు. మా వైపు గడియ తీసే ఉంది.